రాసిన వేళ, జరిగిన వేళ

సి భాషలో లాగ్ రాసే ఫంక్షన్‌కి పది లైన్లు చాలు. ఫైలుని అపెండ్ పద్ధతిలో తెరవాలి, అంటే ఏం రాసినా చివర్లోనే చేరేట్టు. ‘టైమ్’ని పిలిస్తే 1970 జనవరి 1 నుంచి ఇప్పటిదాకా ఎన్ని సెకన్లు గడిచాయో ఒక పెద్ద అంకె ఇస్తుంది. ‘లోకల్‌టైమ్’ ఆ అంకెని మన గడియారంలోకి మారుస్తుంది. ‘ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్’ దాన్ని మనుషులు చదివే తేదీగా, గంటలూ నిమిషాలుగా పేరుస్తుంది. ‘ఎఫ్‌ప్రింటెఫ్’ ఆ వేళనీ, పక్కన మనం చెప్పదలుచుకున్న మాటనీ ఫైల్లోకి రాస్తుంది. ఫైలు మూసేస్తే అయిపోయింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్లలు కూడా రాయగలరు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను రాసింది అదే. ఎవరూ పెద్దగా రివ్యూ కూడా చెయ్యలేదు. అందులో చూడ్డానికి ఏముంది?

రెండేళ్ళ తర్వాత ఆ పది లైన్లు ఒక మనిషి మీద సాక్ష్యం చెప్పాయి. తప్పుడు సాక్ష్యం. అదీ సరిగ్గా పనిచేస్తూనే చెప్పాయి. ఆ సంగతి అప్పట్నించీ నన్ను వదలడం లేదు.

*

హైదరాబాదుకి ఓ రెండు గంటల దూరంలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడి చలి గదుల్ని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్‌లో మా ప్రోగ్రాము నడిచేది. నిమిషానికోసారి గదుల ఉష్ణోగ్రత లాగ్‌లో రాసేది. కంప్రెసర్ ఆగిపోతే సైరన్ మోగించి, మేనేజరుకి ఎస్‌ఎమ్‌ఎస్ పంపేది. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ వచ్చి పానెల్ మీద ఒక బటన్ నొక్కాలి. అలారం చూశాను అని చెప్పడం అన్నమాట. నొక్కగానే సైరన్ ఆగుతుంది. నొక్కిన సంగతి లాగ్‌లోకి ఎక్కుతుంది.

ఒక ఏప్రిల్ రాత్రి గాలివానకి ఆ చుట్టుపక్కల కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. కంప్రెసర్ ఆగిపోయింది. బ్యాటరీ మీద మా కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. తెల్లారేసరికి ఒక గదిలో సరుకు కొంత దెబ్బతింది. తప్పెవరిది అన్న ప్రశ్న వచ్చింది. లాగ్ తీసి పంపమని నాకు చెప్పారు.

నేను గ్రెప్ కొట్టాను. అంటే వేల లైన్ల ఫైల్లోంచి నాకు కావలసిన మాట ఉన్న లైన్లు మాత్రం ఏరుకున్నాను. రెండు లైన్లు దొరికాయి. 01:12:40కి కంప్రెసర్ ఆగింది, అలారం. 02:07:15కి ఆపరేటర్ బటన్ నొక్కాడు. మధ్యలో 54 నిమిషాల 35 సెకన్లు. ఆ రెండు లైన్లూ మెయిల్లో అతికించి, పైన ఒక వాక్యం రాశాను: “లాగ్ ప్రకారం ఆపరేటర్ 54 నిమిషాల తర్వాత స్పందించాడు.”

ఆపరేటర్ చెప్పింది వేరు. సైరన్ మోగిన నిమిషంలోపే నొక్కానన్నాడు. నొక్కగానే సైరన్ ఆగిందన్నాడు. ఫోన్‌కి సిగ్నల్ లేకపోతే బండేసుకుని ఊళ్ళోకెళ్ళి ఎలక్ట్రీషియన్‌ని లేపి తీసుకొచ్చానన్నాడు. ఎలక్ట్రీషియన్ కూడా అవునన్నాడు. కానీ ఎలక్ట్రీషియన్ అతనికి బామ్మర్ది అవుతాడు. “బామ్మర్ది చెప్పక ఇంకెవరు చెప్తారు?” అని మేనేజర్ నవ్వాడట. నిద్రపోయాడనీ, లేచాక కంగారుగా నొక్కాడనీ తేల్చారు. జీతంలో కోత పెట్టి, నెలాఖరుకి మానుకోమన్నారు.

ఇవన్నీ నాకు ఫోన్లో తెలుస్తూనే ఉన్నాయి. కాస్త బాధనిపించింది గానీ నాకేం సంబంధం అనుకున్నాను. నేనెవర్నీ వేలెత్తి చూపలేదు. ఉన్నది ఉన్నట్టు పంపాను, అంతే.

నాలుగు రోజుల తర్వాత వేరే పని మీద ఆ రాత్రి ఉష్ణోగ్రత గ్రాఫు గియ్యాల్సి వచ్చింది. ఈసారి గ్రెప్ కొట్టలేదు, ఫైలు మొత్తం తెరిచాను. నిమిషానికోసారి రావలసిన ఉష్ణోగ్రత లైను 01:12 వరకూ వచ్చింది. తర్వాతది 02:07 దాటాకే ఉంది. మధ్యలో ఒక్క లైను లేదు. యాభై నాలుగు నిమిషాల సేపు మా ప్రోగ్రాము ఏమీ రాయలేదు. నిద్రపోయింది ఎవరో అప్పుడర్థమైంది.

జరిగింది ఇది. అలారం రాగానే ప్రోగ్రాము లాగ్‌లో రాసి, ఎస్‌ఎమ్‌ఎస్ పంపడానికి మోడెమ్ దగ్గరికి వెళ్ళింది. కరెంటుతో పాటే సెల్ టవరూ పోయింది. సిగ్నల్ లేదు. నా ప్రోగ్రాము మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ, మళ్ళీ. ఒక పని తెమిలితేనే ఇంకో పని చూసే రకం అది. ఎస్‌ఎమ్‌ఎస్ సంగతి తేలేదాకా ఉష్ణోగ్రత చదవదు, బటన్ వంక చూడదు. సైరన్‌ని ఆపేది పానెల్‌లోని సర్క్యూటే కాబట్టి అది వెంటనే ఆగింది. నొక్కిన కబురు మాత్రం సీరియల్ వైరు చివర బఫర్‌లో కూర్చుంది, గుమాస్తా బల్ల మీద విప్పని ఉత్తరం లాగా. 02:07కి ప్రోగ్రాము విసిగి వెనక్కొచ్చి, ఉత్తరం విప్పి, గడియారం చూసి, ఆ వేళ వేసింది.

టైమ్ ఫంక్షన్ అబద్ధం చెప్పలేదు. అప్పుడు నిజంగానే రెండూ ఏడు. ఎఫ్‌ప్రింటెఫ్ తప్పు రాయలేదు. ఇచ్చింది ఇచ్చినట్టే రాసింది. ప్రతి లైనూ సరిగ్గా తన పని చేసింది. కానీ 02:07:15 అనేది అతను బటన్ నొక్కిన వేళ కాదు. అతను నొక్కాడని నా ప్రోగ్రాము కాగితం మీద పెట్టిన వేళ.

*

మా అమ్మ వాళ్ళ నాన్న గుంతకల్లు దగ్గర ఒక చిన్న స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా చేశారు. ఎండాకాలం సెలవుల్లో ఆయన డ్యూటీ గదిలో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆ బల్ల మీద ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టర్ ఉండేది. పక్క స్టేషన్ వాళ్ళు లైన్ క్లియర్ ఎప్పుడడిగారు, ఈయన ఎప్పుడిచ్చారు, బండి అక్కడ ఎప్పుడు బయల్దేరింది, ఇక్కడికి ఎప్పుడొచ్చింది, అన్నీ గంటలూ నిమిషాలతో అందులో రాయాలి. రోజూ సాయంత్రం నాలుగింటికి రైల్వే వాళ్ళు టైము అందించేవారు, దాన్ని బట్టి స్టేషన్ గడియారం సరిచూసుకునేవారు. ఇప్పుడు మన కంప్యూటర్లు నెట్‌వర్క్ నుంచి టైము తెచ్చుకుని సర్దుకుంటున్నాయే, ఆ పనే.

ఆ రిజిస్టర్‌కి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. సిరాతో రాయాలి. చెరపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. “తప్పు రాయడం తప్పు కాదురా, తప్పు కనపడకుండా చెయ్యడం తప్పు,” అనేవారు తాతయ్య. ఇంకొకటి, బండి రాకముందే వచ్చినట్టు రాసిపెట్టుకోకూడదు. ఎంత మామూలుగా రోజూ అదే టైముకి వచ్చే బండైనా సరే. కళ్ళతో చూశాకే రాయాలి.

సి లో అపెండ్ పద్ధతి అంటే సిరా లాంటిదే. పాత లైను మీద కొత్తది రాయడానికి కుదరదు, చివర్న చేర్చడమే. ఆ పోలిక చూసి ఉద్యోగం కొత్తల్లో నాకు ముచ్చటేసింది, తాతయ్య పనే చేస్తున్నట్టు. నాకు తట్టనిది ఏమిటంటే, ఆయన రిజిస్టర్‌లో చూసే కళ్ళూ, గడియారమూ, రాసే చెయ్యీ ఒకే మనిషివి. వేళ వేసినవాడు ఆ వేళకి ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. అడిగితే బదులు చెప్తాడు. నా లాగ్‌లో చూసేది పానెల్, మోసేది వైరు, వేళ వేసేది ప్రోగ్రాము, ఫైల్లో పెట్టేది ఆపరేటింగ్ సిస్టమ్. ఒకరి నుంచి ఒకరికి మాట చేరేటప్పటికి ఎంతసేపు పట్టిందో ఎవరూ రాయరు.

చివరి మెట్టు దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. ఎఫ్‌ప్రింటెఫ్ రాసింది తిన్నగా డిస్కు మీదికి పోదు. మెమరీలో ఒక బఫర్ నిండేదాకా ఆగుతుంది. ‘ఎఫ్‌ఫ్లష్’ అని తోస్తే ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వెళ్తుంది, అక్కడా ఇంకొంచెం ఆగుతుంది. ఈలోగా ప్రోగ్రాము కూలిపోతే, కరెంటు పోతే, చివరి మాటలు పోతాయి. చావుబతుకుల్లో ఉన్నవాడి వాంగ్మూలంలో చివరి వాక్యమే చెరిగిపోయినట్టు, మనకి అత్యవసరమైన లైన్లే దొరకవు. ఇక గడియారం సర్దుబాటులో ఒక్కోసారి వెనక్కి జరుగుతుంది కూడా. అప్పుడు తర్వాత రాసిన లైను మీద ముందటి వేళ ఉంటుంది. ఈ పని చేసేవాళ్ళందరికీ ఇవి తెలిసిన సంగతులే. కానీ తెలిసింది మనం ఎక్కడ రాస్తాం? లాగ్ చదివే మేనేజరుకి 02:07:15 అనే కనిపిస్తుంది, సెకన్లతో సహా. ఆ సెకన్లే మోసం చేస్తాయి. “రెండు దాటిందేమో” అని ఉంటే ఎవరైనా అనుమానించేవారు. పదిహేను సెకన్లు అని ఉంటే ఇంకేం అడుగుతారు?

కంప్యూటర్ శాస్త్రంలో ఈ చిక్కుని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే ఒక వ్యాసంలో విప్పి చూపించాడు. వేరువేరు చోట్ల నడుస్తున్న యంత్రాల్లో ఏది ముందు, ఏది వెనక అని చెప్పాలంటే గడియారాలు చూస్తే చాలదు. ఒక చోట నుంచి కబురు బయల్దేరడం, అది ఇంకోచోట అందడం కన్నా ముందు జరిగి తీరాలి. అంతవరకూ ఖాయం. ఆ కబుర్ల గొలుసు కలపని రెండు సంగతుల్లో ఏది ముందో ఆ యంత్రాల మాటలను బట్టి చెప్పలేం. నా లాగ్‌కి దీన్ని పట్టించి చూస్తే అది నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే: బటన్ నొక్కడం 02:07:15 కన్నా ముందు జరిగింది. ఎంత ముందో నాకు తెలియదు. “ముందు” అనే ఈ చిన్న మాటని నేను నా మెయిల్లో “అప్పుడు”గా మార్చేశాను.

*

తెలుగులో మనకి ఒక అక్షరం ఉంది: ‘ట’. “వచ్చాడు” అంటే నేను చూశాను. “వచ్చాడట” అంటే ఎవరో చెప్పారు, నాకు పూచీ లేదు. చిన్నపిల్లలు కూడా ఈ తేడా తప్పకుండా పాటిస్తారు. “తమ్ముడు పడ్డాడట” అని పిల్ల చెప్తే, ఎవరు చెప్పారే అని అడుగుతాం. మాటకి మూలం ఎక్కడో ఉందని ఆ ‘ట’ గుర్తు చేస్తుంది, వెతకమంటుంది. నేను కూడా పైన “మేనేజర్ నవ్వాడట” అనే రాశాను, ఎందుకంటే నేనక్కడ లేను.

లాగ్ ఫైలుకి ‘ట’ లేదు. అదంతా చెప్పుడు మాటలే, కానీ అన్నీ కళ్ళారా చూసినట్టే రాస్తుంది. “ఆపరేటర్ బటన్ నొక్కాడు.” నిజానికి అది రాయాల్సింది “నొక్కాడట” అని. నా మెయిల్లోని “లాగ్ ప్రకారం” అన్న మాట ఒక రకం ‘ట’ కదా అని మీరు అడగొచ్చు. నేనూ కొన్నాళ్ళు అలానే సర్ది చెప్పుకున్నాను. కాదు. ఎవరో అన్నారట అంటే మాట బరువు తగ్గుతుంది. లాగ్ ప్రకారం అంటే పెరుగుతుంది. ఇక వాదన లేదు అన్నట్టు. దానికి కారణం నాకు తెలిసి ఒక్కటే. బామ్మర్దికి బంధుత్వం ఉంది, లాగ్‌కి లేదు. దానికి ఎవరి మీదా ప్రేమ లేదు, పగ లేదు, అందుకే నమ్మొచ్చు.

కానీ లాగ్‌కీ ఒక బంధువు ఉన్నాడు. నేనే. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు.

ఇంగ్లండ్‌లో ఇదే కథ చాలా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాని లెక్కల్లో డబ్బు తక్కువ చూపిస్తే, ఆ బ్రాంచి నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్ దొంగ అన్నారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకి వెళ్ళారు, ఎందరో ఆస్తులు అమ్ముకున్నారు. “మేం తియ్యలేదు” అని వాళ్ళు మొత్తుకున్నారు. కంప్యూటర్ అలా అనలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. 2024లో ఏకంగా చట్టం చేసి శిక్షలు రద్దు చేశారు. ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. అక్కడ 1984 నాటి చట్టం ప్రకారం, కంప్యూటర్ కాగితాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే అది సరిగ్గా పనిచేస్తోందని చూపించాలి. 1999 నాటి ఇంకో చట్టం ఆ నిబంధన తీసేసింది. అప్పట్నించీ కంప్యూటర్ సరిగ్గానే ఉందని ముందే అనుకుంటారు. కాదని చూపించే భారం ముద్దాయి నెత్తిన పడింది. తన చేతిలో లేని యంత్రం గురించి, తను చూడని ప్రోగ్రాము గురించి.

మన దగ్గర పద్ధతి వేరు. పాత ఎవిడెన్స్ యాక్టు 65బి సెక్షన్ ప్రకారం ఒక మనిషి సంతకం పెట్టిన సర్టిఫికెట్ కావాలి. అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో మళ్ళీ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ 63వ సెక్షన్‌గా ఆ నియమం ఉంది. ఒక మనిషి పేరు అడగడం నాకు నచ్చింది. కానీ ఆ సర్టిఫికెట్ చెప్పవలసిన ముఖ్యమైన మాట, ఆ సమయంలో కంప్యూటర్ సక్రమంగా పనిచేస్తోందని. నన్నడిగి ఉంటే నేను ఒట్టేసి సంతకం పెట్టేవాణ్ణి. నిజంగానే సక్రమంగా పనిచేసింది! నేను రాసిన ప్రకారమే ఎస్‌ఎమ్‌ఎస్ కోసం ఆగింది, నేను రాసిన ప్రకారమే తర్వాత వేళ వేసింది. ఫైలుని ఎవరూ ముట్టుకోలేదు. పనిచెయ్యడం వేరు, సాక్ష్యం చెప్పడం వేరు.

*

ఇంతవరకూ రాసింది చదివితే నాది తెలియక చేసిన పొరపాటు అనిపిస్తుంది. అక్కడితో ఆపేస్తే నేనూ లోపాన్ని కనపడకుండా చేసినవాణ్ణే అవుతాను. ఇంకొకటి ఉంది.

ఎస్‌ఎమ్‌ఎస్ వెళ్ళకపోతే ఆ సంగతి కూడా లాగ్‌లో రాసే లైను మొదట్లో ఉండేది. “ఎస్‌ఎమ్‌ఎస్ వెళ్ళలేదు, మళ్ళీ ప్రయత్నిస్తున్నాం.” ప్రోగ్రాము కస్టమర్‌కి చూపించే రోజున సిగ్నల్ బాగాలేక స్క్రీన్ నిండా అవే లైన్లు. “ఇవెందుకు, చూడ్డానికి బాగుండదు, తీసెయ్” అన్నారు పైవాళ్ళు. నేను ఆ లైను ముందు రెండు అడ్డగీతలు పెట్టాను. సి లో అలా పెడితే ఆ లైను ఇక నడవదు. పైవాళ్ళు చెప్పిన మాట నిజమే, కానీ నాకూ హాయిగానే అనిపించింది. నా ప్రోగ్రాము మొహం శుభ్రంగా కనిపించింది.

అంటే ఆ లాగ్‌లో ఆపరేటర్ చేసినవన్నీ రాశాం. ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు నొక్కాడు. ప్రోగ్రాము చెయ్యలేనివి మాత్రం రాయలేదు. ఆ రెండు గీతలు లేకపోతే 01:12కీ 02:07కీ మధ్య “వెళ్ళలేదు, వెళ్ళలేదు” అని బారుగా లైన్లుండేవి. ఎవరికైనా అనుమానమొచ్చేది. కనీసం నాకు వచ్చేది.

అబద్ధమాడటానికి మనసులో తెలిసి ఉండాలి అంటారు. ఆ లెక్కన నేను అబద్ధమాడలేదు. కానీ నా అనుకోలు ఏమిటంటే, రికార్డు విషయంలో తప్పు చాలాసార్లు రాసిన మాటలో ఉండదు, ఏది రాయాలి, ఏది రాయనక్కర్లేదు అని ఎంచుకున్న చోట ఉంటుంది. ఆ ఎంపిక జరిగేటప్పుడు ఏ ఆపరేటరూ ఎదురుగా లేడు, ఏ ఉద్యోగమూ పోవడం లేదు. మధ్యాహ్నం టీ తాగుతూ చేసిన పని. అక్కడ నన్ను ఆపగలిగింది ఒక్కటే: ఈ లైను ఎప్పుడో ఎవరి మీదో సాక్ష్యం చెప్తుంది, అప్పుడు నేను పక్కన ఉండను అన్న ఊహ. అది నాకు లేదు. తాతయ్యకి ఉండేది. ఆయన రిజిస్టర్‌లో ఒక నిమిషం తప్పయితే ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తాయని ఆయనకి తెలుసు. నా పనిలో బళ్ళు కనిపించవు.

ఇన్ని రాసుకుంటూ పోతే ఎలా, లాగ్ నిండిపోదా అని ఒక స్నేహితుడు అడిగాడు. ఇంకొకామె ఇంకా గట్టి ప్రశ్న వేసింది. ఎంత ఎక్కువ రాస్తే కూలివాడి మీద అంత నిఘా పెరుగుతుంది కదా, నువ్వు చేస్తున్నది గొలుసుని ఇంకా నున్నగా చెయ్యడమే కదా అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. రాసేవాడు తనని కూడా అదే పుస్తకంలో రాసుకోవాలి. ఎదుటివాడి ఆలస్యానికి ఒక లైను ఉంటే తన ఆలస్యానికీ ఒకటి ఉండాలి. ఒకవైపే చూసేదాన్ని రికార్డు అనకూడదు.

ఇప్పుడు నా లాగ్‌లో ప్రతి లైనుకీ రెండు వేళలు ఉంటాయి. బటన్ నొక్కిన వేళ పానెలే తన గడియారం చూసి వేసి పంపుతుంది. నా ప్రోగ్రాము అది అందిన వేళ పక్కన వేస్తుంది. పానెల్ గడియారం తప్పయితే అదీ అక్కడే కనిపిస్తుంది. రెండింటికీ తేడా ఎక్కువైతే చదివేవాడు ఆగి అడుగుతాడు. నా వరకూ ఆ రెండో వేళే ‘ట’. రెండు అడ్డగీతలూ తీసేశాను. సిగ్నల్ లేని రోజున స్క్రీన్ మళ్ళీ అసహ్యంగానే ఉంటోంది.

*

అప్పుడేం చేశానో చెప్పాలి. ఫైలు చూసిన రోజు సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే రెండు గీతల సంగతి కూడా చెప్పాలి. మా కస్టమర్, మా కాంట్రాక్టు, నా అప్రైజల్ అన్నీ గుర్తొచ్చాయి. ఎవరూ అడగలేదు కదా, ఎవరికీ తెలియదు కదా అని కూడా అనుకున్నాను. రాత్రి మెయిల్ రాశాను. “నేను మొన్న పంపిన వాక్యం తప్పు” అని మొదలుపెట్టాను. ఆ మాట రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. తర్వాత ఖాళీగా ఉన్న యాభై నాలుగు నిమిషాలూ, బఫర్ సంగతీ, రెండు గీతల సంగతీ వరసగా రాశాను. పాత మెయిల్ కింద అలాగే ఉంచాను. మా ఆఫీసులో రెండు మీటింగులు జరిగాయి, నాకు చీవాట్లు పడ్డాయి. కోసిన జీతం అతనికి తిరిగి ఇచ్చారు. మళ్ళీ పనిలోకి రమ్మని కబురు పెట్టారు. కానీ అతను అప్పటికే వేరేచోట రైసుమిల్లులో చేరిపోయాడు.

నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. ఆ ప్రోగ్రాము రాసింది నేనే అన్నా, తప్పు నాది అన్నాను. అతను కోప్పడలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“మీకెట్ల తెలిసింది సార్?” అన్నాడు.

లాగ్ మొత్తం చూశానని చెప్పాను. మధ్యలో లైన్లు లేవనీ, దాన్నిబట్టి పట్టుకున్నాననీ.

“అంటే మల్ల గదే చెప్పింది,” అన్నాడు. “నేను చెప్తె నమ్మలే. మా బామ్మర్ది చెప్తె నమ్మలే. గిప్పుడు మీ కంప్యూటర్ చెప్పిందని నమ్మిన్రు. అది చెప్పకపోతే ఏమైతుండె సార్?”

నా దగ్గర జవాబు లేదు. ఆ ఖాళీ కనపడకపోతే నేను అతన్ని ఇవాళ్టికీ నిద్రపోయినవాడనే అనుకుంటూ ఉండేవాణ్ణి. అతని మాట విన్న రోజున దాన్ని కూడా ఒక లైనుగా, వేళ వేసి, నా మెయిల్లో రాసి ఉండొచ్చు: ఆపరేటర్ వెంటనే నొక్కానంటున్నాడు. ఎలక్ట్రీషియన్ కూడా అదే అంటున్నాడు. అది రాయడానికి సి భాష అక్కర్లేదు. అది కూడా రికార్డే. నాకు తట్టలేదు.

“ఉంట సార్, షిఫ్టు టైమైంది,” అని అతను పెట్టేశాడు.